ఏటి కూర? ఏదోటి: ఆటోనగర్ నుంచి 'విశాఖ సంస్కృతి' మీద ఒక విమర్శ

విశాఖపట్నం సంస్కృతి మీద వచ్చే రాతలన్నిటిదీ ఒకటే తోవ. రామకృష్ణా బీచ్‌లో మొదలవుతాయి, ముంత మసాలా తింటాయి, కైలాసగిరి ఎక్కుతాయి, సింహాచలం అప్పన్నకి దణ్ణం పెట్టుకుంటాయి, మాడుగుల హల్వాతోనో అరకు బొంగు చికెన్‌తోనో ముగుస్తాయి. యాస గురించి ఒక పేరా తప్పకుండా ఉంటుంది. ఉత్తరాంధ్ర మాట తియ్యనిదనీ, అమాయకమైనదనీ అందులో రాస్తారు. ఈ తోవలో గాజువాక తగలదు. ఆటోనగర్ అసలే తగలదు. లారీ బాడీలు కట్టేచోట, లేతు తిరిగేచోట, గ్యాస్ కటింగ్ నిప్పురవ్వలు లేచేచోట సంస్కృతి ఏముంటుందని కాబోలు. ఒక ఊరి సంస్కృతి అంటే ఆ ఊరు ఆదివారం సాయంత్రం చేసే పనులేనా? మిగతా ఆరు రోజులూ ఊరు తినేదాన్నీ మాట్లాడేదాన్నీ ఏమని పిలవాలి?

మా అభ్యంతరం ఇక్కడే. గాజువాకని కూడా కలుపుకోండని బతిమాలడం మా పని కాదు. గాజువాకని బైట ఉంచడం వల్లనే ఈ 'విశాఖ సంస్కృతి' నిలబడిందని మేము అంటున్నాం.

1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ నౌకల యార్డుకి శంకుస్థాపన జరిగింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1966లో బిహెచ్‌పివి, 1967లో కోరమాండల్ ఎరువులు, 1970లలో జింక్, ఆ తర్వాత ఉక్కు. (యార్డు 1961 నాటికే పూర్తిగా ప్రభుత్వపరమైంది. జనం నోట్లో ఆ చోటు ఇప్పటికీ సింధియానే. కంపెనీ పోయినా పేరు ఉండిపోయింది.) ఈ పెద్ద కర్మాగారాల నీడలో, వాటికి బోల్టు నుంచి రేకు దాకా చేసిపెట్టే, వాటి సరుకు మోసే లారీలని బాగుచేసే చిన్న షెడ్ల గుంపు ఆటోనగర్. ఇక్కడ చిరునామా చెప్పాలంటే బ్లాకు అక్షరం, ప్లాటు నంబరు చాలు. మాలపేట, రెల్లివీధి అనే చిరునామాలతో పుట్టినవాళ్ళకి 'డి బ్లాకు' అనే మాటలో ఒక విడుదల వినపడుతుంది. అక్షరానికి కులం లేదు గదా. షెడ్డు ఓనర్లు కూడా అదే మాట గర్వంగా చెప్తారు: ఇక్కడ చేతిలో పనుంటే చాలు, కులం ఎవడడుగుతాడు?

నిజమే, ఎవడూ అడగడు. మధ్యాహ్నం ఒంటిగంటకి క్యారేజీ మూత తీస్తే అడక్కుండానే తెలిసిపోతుంది.

ఆ క్యారేజీల్లో ఏముంటుంది? పొద్దున్నే తాగొచ్చిన చోడంబలి సంగతి వదిలేస్తే, అన్నం ఉంటుంది. ఎండు నెత్తళ్ళ వేపుడు ఉంటుంది, వంకాయలో వేసిన ఎండుచేప ఉంటుంది, రొయ్యపొట్టు వేసిన పచ్చడి ఉంటుంది. కవళ్ళు, కానాగంతలు చవగ్గా దొరికిన రోజు పులుసు ఉంటుంది. ఎండుచేప వాసన గోడ కట్టి ఆపేది కాదు. అందుకే కొందరు క్యారేజీ పట్టుకుని లారీ అవతలికి పోతారు. పొమ్మని ఎవరూ అనరు. ఎవరూ అనకుండానే పోవడం అలవాటైంది. ఈ అలవాటుకి ఆటోనగర్ భాషలో ఒక మాట కూడా ఉంది. 'ఏటి కూర?' అని పక్కవాడు అడుగుతాడు. 'ఏదోటి' అని జవాబొస్తుంది. పెద్దమాంసం, పెద్దకూర అనేవి మా పేటల్లో తిండి పేర్లు. ఆదివారం పొద్దున ఆ పేర్లు గుమ్మంలో నిలబడి గట్టిగా అంటారు. సోమవారం షెడ్డులో అదే కూర 'ఏదోటి' అయిపోతుంది. తెలుగు నిఘంటువుల్లో 'ఏదో ఒకటి' అంటే అనిర్దిష్టం అని అర్థం రాస్తారు. మా లెక్కలో అంతకన్నా నిర్దిష్టమైన మాట లేదు. అది ఏ కూరో విన్నవాడికీ తెలుసు, అన్నవాడికీ తెలుసు.

గోవధ నిషేధం, జంతు సంరక్షణ పేరుతో మన రాష్ట్రంలో 1977లోనే చట్టం వచ్చింది. పేరు మింగించేది ఆ చట్టమొక్కటే అనుకుంటే పొరపాటు. చట్టం అనుమతించిన దున్నమాంసం పేరు కూడా షెడ్డులో బైటికి రాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు పెద్దకూర పండగ చేసినప్పుడు, తిండి వ్యక్తిగత విషయం గదా, దాన్ని వీధికెక్కించడమెందుకని చాలామంది అభ్యుదయవాదులే విసుక్కున్నారు. వ్యక్తిగతమైతే ముంత మసాలా మీద అన్ని వ్యాసాలెందుకు? ఒకరి తిండి ఊరి సంస్కృతి, ఇంకొకరి తిండి వ్యక్తిగతం. ఈ విభజన ఎవరు చేశారు?

చోళ్ళ సంగతి ఇంకో రకం. ఉత్తరాంధ్రలో చోళ్ళు, గంటెలు కూలివాడి తిండి. కంబారి ఇంట్లో అంబలి, బుగత ఇంట్లో వరన్నం. అంబలి తాగేవాడని ఒకణ్ణి తక్కువచేసి మాట్లాడిన కాలం మా అమ్మలకి ఇంకా గుర్తుంది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఇప్పుడు బీచ్ రోడ్డులో పొద్దున నడకకొచ్చిన పెద్దమనుషులు రాగిజావ తాగుతున్నారు. చోడి కాస్తా రాగి అయింది, రాగి కాస్తా మిల్లెట్ అయింది. షుగరు తగ్గుతుందట. తగ్గనివ్వండి, మాకేం బాధ లేదు. కాని గమనించాల్సింది ఏమిటంటే, మన తిండికి ఊళ్ళోకి ప్రవేశం దొరుకుతోంది గాని, గుమ్మం దగ్గర పేరు విడిచి రమ్మంటున్నారు. షర్మిలా రేగే బృందం 2009లో పూనా విశ్వవిద్యాలయం నుంచి దళిత తిండి మీద పుస్తకం వేసినప్పుడు, షాహూ పాటోళే 2015లో మరాఠ్వాడా మాంగ్, మహర్ వంటిళ్ళ గురించి రాసినప్పుడు, వాళ్ళు చేసింది వంటల జాబితా కాదు. ఆ వంట ఎందుకు అలా పుట్టింది, ఏది దొరక్క పుట్టింది అన్న లెక్క. మన దగ్గర ఆ లెక్క తీయకుండానే మెనూ కార్డు తయారైపోయింది.

ఇక మాట. 'ఏటి', 'ఎల్తన్నాను', 'ఒగ్గెయ్', 'గుంటడు', 'లగెత్తు': వీటిని అమాయకం అనడం దయ కాదు, తీర్పు. అమాయకుడంటే తన సంగతి తాను చెప్పుకోలేనివాడనే గదా అర్థం. సినిమాలో ఈ మాట పనివాడికీ, నవ్వించేవాడికీ ఇస్తారు. కాలేజీలో మొదటిసారి నోరు విప్పి 'ఏటి సార్' అన్న పిల్లవాడి చుట్టూ నవ్వు ఎలా పాకుతుందో మాలో చాలామందికి తెలుసు. ఆ నవ్వు తర్వాత కొందరు భాష మార్చుకున్నారు, కొందరు మాట్లాడ్డం మానేశారు.

గిడుగు రామమూర్తి ఈ ప్రాంతం వాడు. వ్యావహారికం కోసం ఆయన చేసిన పోరాటం లేకపోతే మేము ఈ వ్యాసం ఈ తెలుగులో రాసేవాళ్ళం కాదు. కాని ఆయన గెలిపించింది శిష్టవ్యావహారికాన్ని. 'శిష్ట' అనే ఆ ముందరి మాటలోనే ఒక గేటుంది, గేటు దగ్గర ఒక వాచ్‌మనున్నాడు. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశాలు మొదలయ్యాయి. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత. గొప్ప పని. అయితే ఆ వరుస ప్రధానంగా గ్రామవృత్తుల వెంటే నడిచింది. పానా, లేతు, కమాను కట్టలు, తుక్కు, మేస్త్రీ, కలాసీ, నాగా, బత్తా: పోర్టు నుంచి, యార్డు నుంచి, లారీల వెంట ఉత్తరాది నుంచి వచ్చి గాజువాక నోట్లో తెలుగైపోయిన ఈ మాటలు కూడా వృత్తిపదాలే. నాగలి భాగాలకి పేర్లు రాసుకున్న పండితుడికి గేరుబాక్సు భాగాల పేర్లు భాషగా ఎందుకు కనపడవు? పల్లె మాట స్వచ్ఛం, షెడ్డు మాట సంకరం అన్న భావం ఎక్కడిది? సంకరం అన్న మాట మీద ఎవరికి ఎక్కువ భయమో మనకి తెలుసు.

రెల్లి భాష విషయంలో ఇది ఇంకా స్పష్టం. విశాఖ వీధులు ఊడ్చిన చేతులు, పళ్ళ తట్టలు మోసిన తలలు ఎక్కువగా రెల్లివాళ్ళవి. ఒడియాకి దగ్గరగా ఉండే వాళ్ళ ఇంటి భాష ఈ ఊరి భాషే. దాన్ని తప్పించి 'విశాఖ యాస' అని ఎలా రాస్తారు? 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ చేసినప్పుడు రెల్లి, దాని ఉపకులాలు కలిసి 12 కులాలకి ఒక శాతం దక్కింది. మాదిగ గ్రూపుకి ఆరున్నర, మాల గ్రూపుకి ఏడున్నర. ఆ ఒక్క శాతం మీద మాట్లాడేవాళ్ళు కూడా ఆ భాష మీద మాట్లాడరు. మాల ఇళ్ళనుంచి వచ్చిన మాలాంటి పరిశోధకులకి కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

షెడ్డులో పిలుపులు చూడండి. ప్లాటు ఉన్నవాడు ఓనరుగారు. వెల్డింగు మేస్త్రీ వయసునిబట్టి మేస్త్రీ, గురువుగారు. హెల్పరు 'ఒరే', లేకపోతే 'గుంటడా'. ఉత్తరాంధ్రలో 'ఒరే' ఆప్యాయత అని విమర్శకులు రాస్తుంటారు. మా పరీక్ష ఒక్కటే: ఆ ఆప్యాయత వెనక్కి వస్తుందా? ఇద్దరు హెల్పర్ల మధ్య అది ఆప్యాయతే. ఓనరు నోట్లోంచి వచ్చినప్పుడు దానికి ఒక వైపే దారుంటుంది.

సాహిత్యం ఈ మాటని పట్టించుకోలేదని అనలేం. రావిశాస్త్రి విశాఖ ప్లీడరు. ఆయన ఆరు సారా కథల్లో 'మాయ' ఉంది. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ కొత్త ప్లీడరుకి న్యాయం అంటే ఏమిటో తన మాటలో పాఠం చెప్తుంది. విశాఖలో దశాబ్దాలు బడిపంతులుగా పనిచేసిన కారా 1964లో 'యజ్ఞం' రాశాడు. అందులో అప్పల్రాముడు పంచాయితీలో నిలబడి తన బతుకంతా చెప్తాడు. తెలుగు కథలో ఈ యాసకి ఇంతకన్నా గౌరవం ఇచ్చినవాళ్ళు తక్కువ. అది ఒప్పుకునే మేము ఒక మాట అడుగుతున్నాం. ఈ మాట కథలోకి ఎప్పుడు వస్తుంది? కేసు పడ్డప్పుడు, పంచాయితీ పెట్టినప్పుడు. అంటే వాంగ్మూలంగా వస్తుంది. వినేవాడు ప్లీడరో, పెద్దమనిషో. కొటేషన్ గుర్తు తెరిస్తే యాస, మూస్తే రచయిత తెలుగు. కులం ఊరికి గీసిన గీతే ఇక్కడ వాక్యానికి గీయబడింది. మార్క్సిస్టు విమర్శకులు ఈ కథల్లో వర్గాన్ని చూశారు, చట్టాన్ని చూశారు. ఈ గీతని చూడలేదు. షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు (ఆయన 2020లో పోయారు) యంత్రం గురించి పాట కట్టినప్పుడు ఆ గీత చెరిగింది. అక్కడ చెప్పేవాడూ వినేవాడూ ఒకే మాటలో ఉన్నారు. అందుకే గాబోలు, ఆయన్ని ఎక్కువగా 'ప్రజావాగ్గేయకారుడు' అని పొగిడి జానపదం అరలో పెట్టారు, ఆధునిక సాహిత్యం అరలో పెట్టలేదు.

ఇదంతా మాట, కూడు గొడవే గదా, ఉద్యోగం పోతున్నప్పుడు దీనికేం తొందర అని అడిగే మిత్రులున్నారు. ఆ రెండూ వేరు కావని చెప్పడానికి ఒక అంకె చాలు. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షన్ 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ పెట్టించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యని వందకి దించింది. యార్డులో, రిఫైనరీలో, స్టీల్‌ప్లాంట్‌లో క్యాంటీన్ అలా వచ్చింది. అక్కడ ఒకే గుండిగలో వండింది ఒకే బల్ల మీద తింటారు. సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేద్కర్ 1936లోనే తేల్చాడు, మాకు తెలుసు. క్యాంటీన్‌లో కులం పోలేదు. కాని క్యాంటీన్‌లో ఎవరూ 'ఏదోటి' అనక్కర్లేదు. ఆటోనగర్ షెడ్డులో పదిమంది, పదిహేనుమంది ఉంటారు. చట్టం అక్కడిదాకా రాదు. రిజర్వేషను అంతకన్నా రాదు.

స్టీల్‌ప్లాంట్ కోసం 64 ఊళ్ళు కదిలిపోయాయి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1992లో ప్లాంటుని జాతికి అంకితం చేశారు. భూమి పోయినవాడి నష్టం ఎకరాల్లో కొలిచారు. బుగత భూమిలో కంబారిగా ఉన్నవాడికి పోయింది గెడ్డలో చేప, గట్టు మీద కూర, కల్లంలో గింజ. వీటిని కొలిచే టేపు ఏ ఆఫీసులో ఉంది? ఆ ఇళ్ళ పిల్లల్లో కొందరికి పర్మినెంటు ఉద్యోగంతో మొదటిసారి క్యాంటీన్ బల్ల దొరికింది. 2021 జనవరిలో కేంద్రం ప్లాంటులో నూటికి నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అదే ఏడు కాంట్రాక్టు కార్మికుల తొలగింపుల మీద సమ్మె జరిగింది. గేటుపాస్ పోయినవాళ్ళు పని వెతుక్కుంటూ వచ్చేది పక్కనే ఉన్న ఆటోనగర్‌కే. క్యాంటీన్ బల్ల దగ్గర పదేళ్ళు కూర్చున్నవాడు మళ్ళీ ఇంటి నుంచి క్యారేజీ కట్టుకొస్తాడు, ఒంటిగంటకి లారీ అవతల చోటు వెతుక్కుంటాడు, పక్కవాడు ఏటి కూర అని అడుగుతాడు.