పంటి నుంచి వెనక్కి

బ్యాటరీతో నడిచే చైన్‌సా కొనడానికి వెళ్తే దుకాణంలో ముందు కంటపడేది పెట్టె మీది అంకె. 18 వోల్టులు, 36 వోల్టులు, 40 వోల్టులు. తర్వాత బార్ ఎన్ని అంగుళాలు అనే మాట వస్తుంది. గొలుసు సంగతి అడిగేవాళ్లు అరుదు. అది నూనె అంటిన చిన్న కవరులో చుట్టలా పెట్టె అడుగున పడి ఉంటుంది. నేనైతే ముందు ఆ కవరే విప్పి చూడమంటాను. కర్రను తాకేది గొలుసులోని పన్ను ఒక్కటే. మిగతా యంత్రమంతా ఆ పంటిని కర్ర దాకా తీసుకెళ్లడానికే ఉంది. మనం కోయబోయే కర్ర ఏదో తేలితే పన్ను తేలుతుంది. పన్ను తేలితే గొలుసు, గొలుసును బట్టి బార్, బార్‌ను బట్టి మోటారు, మోటారును బట్టి బ్యాటరీ. ఎంపిక ఈ వరసలో సాగాలి. దుకాణాల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది.

గొలుసును అరచేతిలో పరుచుకుంటే మూడు రకాల ముక్కలు కనిపిస్తాయి. కిందికి కొనదేలి ఉన్నవి నడిపే లింకులు. ఇవి బార్ అంచున ఉన్న సన్నని గాడిలో దిగి పరుగెత్తుతాయి. మోటారు దగ్గరి పళ్ల చక్రం పట్టి లాగేది వీటినే. వాటిని రెండు పక్కలా కలుపుతూ పట్టీ లింకులు ఉంటాయి. నిర్ణీత దూరాల్లో పట్టీకి బదులు పన్ను వస్తుంది, ఒకటి కుడివైపు తిరిగి, తర్వాతది ఎడమవైపు తిరిగి. అన్నిటినీ రివెట్లు బిగించి ఉంచుతాయి, అయినా ప్రతి కీలూ వేలితో తాకితే చాలు, తిరుగుతుంది.

ఇప్పుడు ఒక్క పంటినే దగ్గరగా చూద్దాం. వెనక భాగంలో ఒక పలక నిలువుగా లేచి, పైకి వెళ్లాక అడ్డంగా వంగుతుంది. నిలువుది పక్క పలక, అడ్డంది పై పలక. ఆ రెండూ కలిసే మూల ముందుగా కర్ర ఈనెలను అడ్డంగా తెంచుతుంది. వెంటనే పై పలక అంచు కిందికి దూరి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పేడును లేపుతుంది. లేచిన పేడు పంటి ముందున్న ఖాళీలో చేరి, కోత దాటగానే బయటికి ఎగిరిపోతుంది. ఆ ఖాళీకి ముందు చిన్న ముక్కులాంటి బొడిపె ఉంటుంది. అది పై పలక అంచుకన్నా సుమారు 0.65 మిల్లీమీటరు తక్కువ ఎత్తులో నిలుస్తుంది. పేడు ఎంత మందాన లేవాలో నిర్ణయించేది ఈ తేడాయే. ముక్కు మరీ ఎత్తుగా ఉంటే పన్ను కర్రను నాకుతుందే తప్ప కొరకదు. మరీ తగ్గిపోతే ఒక్కసారిగా ఎక్కువ కొరికి, రంపాన్ని చేతుల్లోంచి లాగేస్తుంది.

పై పలక వెనక్కి పోయేకొద్దీ కొద్దిగా పల్లంగానూ కొద్దిగా సన్నంగానూ తయారవుతుంది. కర్రను అంచు ఒక్కటే తాకాలని, వెనక భాగం రాసుకుని వేడెక్కకూడదని ఈ ఏర్పాటు. కోతలో పన్ను నిశ్చలంగా కూడా ఉండదు. కొరకగానే వెనక్కి ఒరిగి కాస్త లేస్తుంది, పేడు తెగగానే మళ్లీ బార్ మీదికి వాలుతుంది. కీళ్లలో వదిలిన ఆ కాస్త వదులు ఇందుకే.

ఈ ఆకారం అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో పుట్టింది. అంతకుముందు గొలుసు రంపాలకు చేతిరంపం పళ్లనే అతికించినట్టు పెట్టేవారు. అవి కర్రను గీకేవి. తరచూ పదును పెట్టాల్సి వచ్చేది. 1946లో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఒక మొద్దులో పెంకు పురుగు లార్వా కర్రను తొలుచుకుపోవడం గమనించాడు. అది ఈనెల వెంబడీ, ఈనెలకు అడ్డంగానూ ఒకే తేలికతో సాగుతోంది. దాని దవడలు వంకీ తిరిగి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కదులుతున్నాయి. కాక్స్ ఆ దవడల ఆకారాన్నే ఉక్కులో తీసి, గొలుసులో కుడి ఎడమలుగా పేర్చాడు. 1947లో పోర్ట్‌లాండ్ నగరంలో తన ఇంటి నేలమాళిగలో వాటి తయారీ మొదలుపెట్టాడు. ఈనాటి గొలుసుల్లో దాదాపు అన్నీ ఆ పురుగు దవడకు వారసులే. కర్రను తినడం బతుకుదెరువుగా ఉన్న జీవిని గురువుగా ఎంచుకున్న ఆ చూపు నాకు ఎప్పుడూ గొప్పగా తోస్తుంది.

గొలుసుల్లో తేడాలకు వస్తే రెండు కొలతలు తెలిస్తే చాలు. వరుసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరంలో సగాన్ని పిచ్ అంటారు. నడిపే లింకు మందాన్ని గేజ్ అంటారు. చేతిలో ఇమిడే చిన్న రంపాల్లో పావు అంగుళం పిచ్ ఉంటుంది. బ్యాటరీతో నడిచే పెద్ద రంపాల్లో ఎక్కువగా 3/8 అంగుళం పిచ్‌లోనే పళ్ల ఎత్తు తగ్గించిన రకం వాడతారు. వీటి గేజ్ 1.1 లేదా 1.3 మిల్లీమీటర్లు. అడవిలో వాడే పెద్ద పెట్రోలు రంపాల్లో అది 1.5, 1.6 దాకా పోతుంది. తేడా వెంట్రుకవాసే అనిపిస్తుంది గాని బ్యాటరీకి అది ప్రాణం. గొలుసు సన్నబడితే కోత వెడల్పు తగ్గుతుంది. కోత వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 6కు తగ్గిందనుకుంటే, ఏడో వంతు కర్రను పొట్టు చేసే శ్రమ తప్పినట్టే. ట్యాంకులో ఇంకో అర లీటరు పోసుకునే వీలున్న యంత్రానికి ఈ లెక్క అంతగా పట్టదు. మోసుకెళ్లిన విద్యుత్తుతోనే పని ముగించాల్సిన యంత్రానికి ఇది మొదటి లెక్క.

పంటి మూల పదునైన కోణంలో ఉంటే కోత వేగంగా సాగుతుంది, కానీ మట్టి తగిలితే క్షణంలో మొద్దుబారుతుంది. మూలను కాస్త గుండ్రం చేసిన రకం నెమ్మదిగా కోసినా పదును ఎక్కువసేపు నిలుపుకుంటుంది. మన దగ్గర కోతకు వచ్చేది చాలావరకు ఎండిన తుమ్మ, సరుగుడు, మట్టిలో దొర్లిన దుంగ. అందుకే గుండ్రని మూలే మనకు మేలు.

ఇక మోటారు. మంచి రంపాల్లో బ్రష్‌లు లేని మోటారు ఉంటుంది. తీగచుట్లు కదలకుండా ఉంటాయి, అయస్కాంతాలు తిరుగుతాయి. అయస్కాంతం ఎక్కడుందో క్షణక్షణం గమనిస్తూ ఒక చిన్న సర్క్యూట్ ఏ చుట్టుకు కరెంటు ఇవ్వాలో మారుస్తుంటుంది. రాసుకుని అరిగే బ్రష్‌లు లేవు. పెట్రోలు ఇంజనులా ఊరికే తిరుగుతూ ఉండాల్సిన అవసరమూ లేదు. మీట నొక్కితే గొలుసు పరుగు, వదిలితే నిశ్శబ్దం. ఒక కొమ్మ కోసి, పక్కకు లాగి, ఇంకో కొమ్మ వెతుక్కునే పనిలో ఆ మధ్య విరామాలే ఎక్కువ. ఆ విరామాల్లో బ్యాటరీ ఖర్చు దాదాపు సున్నా.

వోల్టుల అంకెను ఇప్పుడు చూడవచ్చు. బ్యాటరీలో ఒక్కో లిథియం సెల్ 3.6 వోల్టులు. అయిదింటిని వరసగా కలిపితే 18, పదింటిని కలిపితే 36. నిండా చార్జయిన సెల్ నాలుగు వోల్టులు దాటుతుంది కాబట్టి అదే అయిదు సెల్లుల పెట్టె మీద కొందరు 20 అని, పది సెల్లుల దాని మీద 40 అని వేస్తారు. లోపల తేడా లేదు. వోల్టులు పెరిగితే లాభం వేడి దగ్గర కనిపిస్తుంది. ఒక కిలోవాట్ శక్తి కావాలంటే 18 వోల్టుల దగ్గర 56 ఆంపియర్లు పారాలి, 36 దగ్గర 28 చాలు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, కరెంటు సగమైతే వేడి పావు వంతు అవుతుంది. లావు దుంగల మీద 18 వోల్టుల రంపం త్వరగా వేడెక్కి ఆగిపోవడానికి ఇదొక కారణం.

ఎంతసేపు నడుస్తుందో తెలియాలంటే వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించాలి. 36 వోల్టులు, 5 ఆంపియర్-గంటలు అంటే 180 వాట్-గంటలు. ఒక కిలోవాట్ లాగే కోతలో అది 11 నిమిషాలు. వింటే తక్కువే. కానీ ఆరంగుళాల దుంగకు 8 సెకన్లు పట్టిందనుకుంటే, ఆ 11 నిమిషాల్లో 80 కోతలు పడతాయి.

చౌక రకాల పెట్టెల మీద 48 అనో అంతకన్నా పెద్దదో అంకె ఉంటే తూకం వేసి చూడమంటాను. 48 వోల్టులకు కనీసం 13 సెల్లులు కావాలి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే మామూలు సెల్ బరువు సుమారు 45 గ్రాములు. అంటే సెల్లులే దాదాపు 600 గ్రాములు తూగాలి. బ్యాటరీ మొత్తం కలిపి పావు కిలోకు అటూ ఇటూగా ఉంటే లోపల అయిదు సెల్లులున్నట్టే.

పనుల దగ్గరికి వద్దాం. మామిడి, జామ, నిమ్మ తోటల్లో కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించడానికి నాలుగు నుంచి ఆరంగుళాల బార్, పావు అంగుళం పిచ్, 18 వోల్టులు సరిపోతాయి. కడియం నర్సరీల్లాంటి చోట రోజంతా చేతిలో ఉండే పనిముట్టుకు బరువు తక్కువ కావడమే పెద్ద గుణం. కొమ్మకు ముందు కింది నుంచి చిన్న గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే కొమ్మ బరువుకు వంగి మాను బెరడును చీల్చుకుంటూ పడుతుంది. కోత మాను అంచుకు మరీ దగ్గరగా పోకుండా, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుకు కాస్త ఇవతల పడితే గాయం తొందరగా మానుతుంది. ఎత్తు కొమ్మలకు పొడుగు కర్ర అమర్చిన రంపం ఉంది. కరెంటు తీగలకు దగ్గరి కొమ్మల జోలికి మాత్రం దానితో పోకూడదు.

వంటచెరకు, కంచె గుంజలు, సెంట్రింగ్‌కు వాడే సరుగుడు కర్రల వంటి పనులకు 12 నుంచి 14 అంగుళాల బార్, ఎత్తు తగ్గించిన 3/8 గొలుసు, 36 వోల్టులు. బ్యాటరీ రంపం తన పూర్తి విలువ చూపించేది ఇక్కడే. బార్ పొడవు దుంగ లావుకన్నా రెండంగుళాలు ఎక్కువుంటే చాలు. పొడవు ఎక్కువైతే అంత గొలుసును ఊరికే ఈడ్చే బరువు మోటారు మీద పడుతుంది. పైగా బార్ కొస కనిపించని చోట దేనికో తగిలే ప్రమాదం ఉంది. కొస పై భాగం గట్టిదానికి తగిలితే గొలుసు ముందుకు సాగలేక బార్ మొత్తం మనిషి మీదికి ఎగురుతుంది. ముందు పిడి ఎదుట ఉన్న అడ్డు పలక ఎడమ చేతికి తగలగానే గొలుసును ఆపేది ఇందుకే. కొనేముందు ఆ పలకను నెట్టి చూడాలి.

కొబ్బరి మానుది వేరే కథ. మామిడి, వేప మాన్లలో చేవ నడిమధ్యన ఉంటుంది. కొబ్బరిలో, తాటిలో గట్టిదనమంతా అంచున ఉంటుంది, లోపల మెత్తన. పంటికి మొదటి రెండంగుళాలే గండం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టినప్పటిలాంటి పని అయితే ఇసుక కూడా తోడవుతుంది. 16 అంగుళాల బార్, గుండ్రని మూల పళ్లు, ఒకటికి మూడు గొలుసులు దగ్గర ఉండాలి. రెండు చివరలా ఆనుకుని పడి ఉన్న మానుకు పైభాగం నొక్కుకుపోయి ఉంటుంది. పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోస్తే బార్ ఇరుక్కోదు. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు ఉండదు కాబట్టి, జనరేటరు లేనిచోట పెట్రోలు రంపానికే నా ఓటు.

కాగితం మిల్లులకు పంపే సుబాబుల్, జామాయిల్ తోటల కోత పొద్దస్తమానం సాగేది. ముదురు చింత మాను నరకడం రెండు మూడడుగుల లావుతో వ్యవహారం. రెండింటికీ బ్యాటరీ రంపాన్ని సిఫారసు చేయను. అలాంటి చింత మానును మొదలంటా కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.

బ్యాటరీ రంపానికి నూనె అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. పెద్ద రంపాల్లో గొలుసు బార్ మీద సెకనుకు పది మీటర్లకు మించిన వేగంతో రాసుకుంటుంది. మోటారు ఏదైనా ఆ రాపిడి తప్పదు. చిన్న పంపు బార్ రంధ్రంలోకి నూనె తోస్తుంది. నడిపే లింకుల కొనలు దాన్ని గాడిలోంచి తోడుకుని బార్ చుట్టూ మోసుకెళ్తాయి. తెల్లకాగితం ఎదుట రంపాన్ని ఆడిస్తే సన్నని నూనె చార పడాలి. జిగురుగా ఉండే చైన్ నూనే వాడాలి. వాడేసిన ఇంజన్ నూనెలో లోహపు రజను ఉంటుంది, అది గాడిని అరగదీస్తుంది. ఇక బ్యాటరీ సంగతి. మన వేసవిలో దాన్ని ఎండలో ఉంచితే చార్జరు అది చల్లబడేదాకా కరెంటు ఎక్కనివ్వదు. గోనె సంచి నీడ చాలు.

పదును తగ్గిన సంగతి పొట్టే చెబుతుంది. పేళ్లు రావాల్సిన చోట పిండి రాలితే ఆకురాయి తీయాలి. ఎత్తు తగ్గించిన 3/8 గొలుసుకు 4 మిల్లీమీటర్ల గుండ్రని ఆకురాయి, 30 డిగ్రీల వాలు, ప్రతి పంటికీ అవే మూడు నాలుగు తోపులు, ముందుకు మాత్రమే. పంటిని వెనక్కి అరగదీసేకొద్దీ పై పలక పల్లంగా ఉంది గనుక అంచు ఎత్తు తగ్గుతుంది. అందుకే కొన్ని పదునుల తర్వాత ముందు ముక్కును కూడా చదును ఆకురాయితో తగ్గించి, ఆ 0.65 మిల్లీమీటరు తేడాను మళ్లీ నిలపాలి. చాలా గొలుసుల్లో పై పలక వెనక భాగాన వాలుగా సన్నని గీత చెక్కి ఉంటుంది. అంచు అక్కడికి చేరేదాకా పదును పెట్టుకోవచ్చు. పలక వెనక్కి సన్నబడుతూ వస్తుంది కాబట్టి, ఆ గీత దగ్గరికి వచ్చిన పాత గొలుసు కొత్తదానికన్నా కాస్త ఇరుకుగా కోస్తుంది.