బేరమాడటం తెలిసిన దేశం

1966 సెప్టెంబర్ 30న బోట్స్వానాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశంలో ఉన్న తారురోడ్డు అంతా కలిపి 12 కిలోమీటర్లు. అంతకు కాస్త ముందు వరకు అక్కడి పాలన సరిహద్దు అవతల, దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్ పట్టణం నుంచి సాగింది. సముద్రతీరం లేదు. చుట్టూ దాదాపు అన్ని వైపులా తెల్లవాళ్ల ప్రభుత్వాలే. సర్కారు ఖర్చులో సగం బ్రిటన్ ఇచ్చే గ్రాంటు. ఇంత నిరుపేద దేశం ఎవరితోనైనా బేరమాడగలదని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు. ఈ అరవై ఏళ్లలో ఆ దేశం రాసుకున్న ఒప్పందాలను వరసగా చదివితే మాత్రం, ఆర్థిక దౌత్యంలో ఇంత పనితనం చూపిన చిన్న దేశం మరొకటి నాకు కనిపించదు.

ఆ పనితనం మొదలైంది ఇంట్లోనే. 1967లో ఒరాపా దగ్గర డి బీర్స్ కంపెనీ వాళ్లకు వజ్రాల నిక్షేపం దొరికింది. అది బమాంగ్వాటో తెగవారి నేల. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఆ తెగ రాజవంశంలోనే పుట్టాడు. అదే ఏడాది వచ్చిన చట్టంతో ఖనిజాల మీద హక్కు తెగల నుంచి దేశానికి బదిలీ అయింది. సొంతవాళ్లకే దక్కేదాన్ని దేశానిది చేయడానికి ఎంత నిబ్బరం కావాలో! ఆ చట్టంతో, కంపెనీ ఒక్కో తెగపెద్దను విడిగా కలిసి మాట్లాడుకునే దారి మూసుకుపోయింది.

1969లో డి బీర్స్‌తో పెట్టిన ఉమ్మడి సంస్థలో ప్రభుత్వానికి దక్కింది 15 శాతమే. డబ్బూ లేదు, గనుల పని తెలిసినవాళ్లూ లేరు, ఒప్పుకున్నారు. 1971లో ఒరాపా గని తెరుచుకుంది, రాబడి ఎంతో లెక్కలు చేతికొచ్చాయి. అప్పుడు మళ్లీ మాటలు మొదలుపెట్టి, 1975కల్లా వాటాను 50 శాతానికి తెచ్చారు. పొరుగున జాంబియా 1969లో రాగి గనుల్లో 51 శాతం తీసుకుంటున్నట్టు ప్రకటించిన కాలమది. బోట్స్వానా సగం దగ్గరే ఆగింది. ప్రపంచంలో ముడి వజ్రాల అమ్మకం దాదాపుగా డి బీర్స్ గుప్పిట్లో ఉన్న రోజుల్లో గని చేజిక్కించుకుంటే సరిపోదని, సరుకు పోయే దారీ కావాలని వాళ్లకు తెలుసు. ఆ చర్చల్లో ఆర్థికమంత్రి క్వెట్ మసీరేది పెద్ద పాత్ర. తర్వాత ఆయనే దేశాధ్యక్షుడయ్యాడు.

1987లో చేసిన బేరం నాకు మరీ నచ్చుతుంది. అంతకుముందు ధరలు పడిపోయినప్పుడు అమ్మకుండా పోగుపడిన వజ్రాల నిల్వను డి బీర్స్‌కే అప్పగించారు. బదులుగా నగదుతో పాటు ఆ కంపెనీలోనే 5 శాతం పైచిలుకు షేర్లు, డైరెక్టర్ల బోర్డులో రెండు కుర్చీలు తీసుకున్నారు. సరుకు అమ్మినవాళ్లు కొన్నవాళ్ల ఇంట్లో సభ్యులయ్యారన్నమాట.

2011 ఒప్పందం ఇంకో మెట్టు. లండన్‌లో జరిగే ముడి వజ్రాల అమ్మకాలను 2013లో తమ రాజధాని గాబరోన్‌కు రప్పించారు. బోట్స్వానా రాళ్లే కాదు, కెనడా, నమీబియా, దక్షిణాఫ్రికా గనుల్లోని డి బీర్స్ రాళ్లూ గాబరోన్ చేరి, అక్కడే పరిమాణం, ఆకారం, రంగు, నాణ్యతను బట్టి వేరుపడి, మళ్లీ కలిసి అమ్మకానికి వచ్చే ఏర్పాటు అది. కొనేవాళ్లు ఏడాదికి పదిసార్లు ఆ ఊరికే రావాలి. దీంతోపాటు కొంత సరుకును ప్రభుత్వ సంస్థ ఒకావాంగో డైమండ్ కంపెనీ సొంతంగా అమ్ముకునే వీలు రాయించుకున్నారు. ఆ చిన్న వాటా విలువ చాలా పెద్దది. అప్పటినుంచి తమ వజ్రం బజారులో ఎంత పలుకుతుందో భాగస్వామి చెబితే తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

ఇదే ఓపిక కజుంగులా దగ్గర జాంబెజీ నది మీద కళ్లకు కనిపిస్తుంది. అక్కడ బోట్స్వానా, జాంబియా సరిహద్దులు కలిసేది 150 మీటర్ల మేరకే. 1970లో దక్షిణాఫ్రికా ఆ కాస్త కూడా లేదని అభ్యంతరం పెట్టింది, బోట్స్వానా ఒప్పుకోలేదు. ఉత్తరాదికి ఉన్న ఆ ఒక్క సందును వదలకుండా దశాబ్దాల పాటు పంటు మీదే లారీలను దాటించారు. ఒడ్డున లారీలు రోజుల తరబడి కాచుకునేవి. చివరికి 2021 మే 10న 923 మీటర్ల వంతెన రాకపోకలకు తెరుచుకుంది. అది తిన్నగా ఉండదు. జింబాబ్వే హద్దులోకి వెళ్లకుండా నది మధ్య విల్లులా వంగి వెళుతుంది. రోడ్డుతో పాటు రైలు పట్టాలకూ దాని మీద చోటుంచారు.

ఈ కథలో లోటు లేదనను. ఎగుమతుల రాబడిలో అత్యధికం ఇప్పటికీ వజ్రాలదే. చదువుకున్న యువతకు ఉద్యోగాలు చాలడంలేదు. ప్రయోగశాలల్లో చేసిన వజ్రాలు బజారులోకి వచ్చాక అసలు వజ్రాల గిరాకీ తగ్గి ఖజానా ఇబ్బందిలో పడింది. 2024 ఎన్నికల్లో స్వాతంత్ర్యం నుంచీ ఏలిన పార్టీ ఓడి, డూమా బోకో అధ్యక్షుడయ్యాడు. పాత ప్రభుత్వం మొదలుపెట్టిన చర్చలను ఆయన పక్కకు నెట్టకుండా ముగింపుకు తెచ్చి, 2025 ఫిబ్రవరిలో కొత్త ఒప్పందం మీద సంతకాలు చేయించాడు. దాని ప్రకారం ఒకావాంగో కంపెనీకి మొదటి ఐదేళ్లు ఉత్పత్తిలో 30 శాతం, ఆ తర్వాత ఐదేళ్లు 40 శాతం. గడువు పొడిగిస్తే సగం. ధరలు ఇంత దిగజారిన సమయంలో కూడా తొందరపడి రొక్కానికి ఒప్పుకోకుండా, అమ్ముకునే హక్కునే పెంచుకున్నారు.