చెయ్యి కదలని స్వారీ

మా కార్వేటినగరం వేణుగోపాలస్వామి బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం వచ్చినప్పుడు నా చూపు ముందు వాహనం మోసేవాళ్ల పాదాల మీద పడుతుంది. స్వామి అలంకారం తరవాత. మేళం ఊపందుకున్నాక భుజాలన్నీ కలిసి లేచి కలిసి దిగితే ఆ కొయ్య గుర్రానికి నడక వచ్చేస్తుంది. ఒక్కరి అడుగు తప్పినా పైనున్న గొడుగు ఒరిగి ఆ తప్పు పట్టిస్తుంది. డ్రెసాజ్ అనే స్వారీ విద్యను చూడటం నాకు నేర్పింది ఈ అలవాటే.

డ్రెసాజ్‌లో పరుగు పందెం లేదు, కంచెలు దూకడం లేదు. అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక బరిలో ఒక గుర్రం, ఒక రౌతు. ముందే రాసిపెట్టిన వరసలో నడవాలి, తిరగాలి, ఆగాలి. ఒక్కో అంశానికి పదికి ఇన్ని మార్కులని న్యాయనిర్ణేతలు వేస్తారు. మొదటిసారి చూసేవాళ్లకు రౌతు ఊరికే కూర్చున్నట్టుంటుంది. అలా కనిపించడానికే ఏళ్ల సాధన కావాలి.

అసలు పనితనం లయలో ఉంది. పదకర్త సారంగపాణి పదాలు పుట్టిన ఊరివాళ్లం గనుక లయలోనే చెబుతాను. మామూలు నడకలో గుర్రం నాలుగు కాళ్లూ విడివిడిగా నేలను తాకుతాయి, అచ్చం చతురశ్రంలా. ట్రాట్ అనే గతిలో ఒక ముందు కాలూ దానికి ఎదురుమూలన ఉన్న వెనక కాలూ జతగా పడతాయి కాబట్టి రెండే దెబ్బలు. క్యాంటర్ అనే దూకుడు పరుగులో మూడు దెబ్బలు, ఆ తరవాత ఒక ఖాళీ. ఆ ఖాళీలో నాలుగు కాళ్లూ గాలిలోనే ఉంటాయి.

ఆ కాస్త ఖాళీలోనే డ్రెసాజ్‌లోకెల్లా అందమైన పని జరుగుతుంది. క్యాంటర్‌లో గుర్రం ఎప్పుడూ కుడి పక్కో ఎడమ పక్కో ముందు పెట్టి దూకుతుంది. ఆ పక్కను పరుగు ఆపకుండా మార్చాలంటే గాలిలో ఉన్నప్పుడే మార్చాలి. రౌతు సంజ్ఞ అంతకు ఒక్క క్షణం ముందు అందాలి. ఆలస్యమైతే ముందు కాళ్లు మారతాయి గానీ వెనక కాళ్లు ఒక అడుగు వెనకబడతాయి. ప్రీ సెయింట్ జార్జ్ అనే స్థాయిలో ఇలాంటి మార్పులు నాలుగు అడుగులకొకటి చొప్పున ఐదు, ఆ పైన మూడు అడుగులకొకటి చొప్పున ఇంకో ఐదు చేయాలి. అంతసేపూ గుర్రం గీత గీసినట్టు తిన్నగా పోవాలి, తుంటి అటూ ఇటూ ఊగకూడదు. బాగా కుదిరినప్పుడు చూస్తే, చిన్నపిల్ల తాడాటలో కాలు మార్చి గెంతినంత తేలిగ్గా ఉంటుంది. గెంతేది మాత్రం ఐదారు వందల కిలోల జీవం.

ఇంత బరువు అంత తేలికయ్యేది ఎలా? గుర్రం ఒంటి బరువులో సగానికి మించి సహజంగా ముందు కాళ్ల మీదే ఉంటుంది. పైన మనిషి కూర్చుంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది. దాన్ని మెల్లమెల్లగా వెనక కాళ్ల మీదికి మళ్లించడమే ఈ శిక్షణ సారం. అందుకు రౌతు చేసేది చాలా చిన్న పని. నడుము ఒక్క క్షణం నిలదొక్కుకుంటుంది, పిక్కలు డొక్కలను ఆనుకుంటాయి, వేళ్లు పగ్గం మీద ముడుచుకుంటాయి. మరుక్షణం అన్నీ సడలుతాయి. గుర్రం వెనక కాళ్లు పొట్ట కిందికి ఇంకాస్త చొచ్చుకొస్తాయి, ముందు భాగం లేస్తుంది. సడలించడం మరిచిపోయిన రౌతు కింద ఏ గుర్రమూ ముందుకు రాదు. నా దృష్టిలో ఆ సడలింపే ఈ విద్యకు ప్రాణం.

మన భాషలో పగ్గాలు చేపట్టడమంటే అధికారం చేజిక్కించుకోవడం, కళ్లెం వేయడమంటే అణచడం. డ్రెసాజ్‌లో పగ్గం వినడానికి. గుర్రం నోటిలోని కదలిక ఆ తోలుపట్టీ మీదుగా రౌతు వేలికి తెలుస్తుంది.

ఇది పరాయి విద్య అని పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. గుర్రం గతులు ఐదని అమరకోశం చెబుతుంది: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. వాటికి ధారలని పేరు. గతిని ధార అన్నవాడు గుర్రం నడకను ఎంత శ్రద్ధగా చూసి ఉంటాడో! ఇవాళ మనం సాయంత్రం షికారుకు వాడే వాహ్యాళి అనే మాట కూడా గుర్రపు స్వారీదే. శ్రీరంగంలో స్వామి గుర్రపు వాహనాన్ని మోసేవాళ్లు పరుగులు తీయిస్తూ చేసే సేవను వైయాళి అంటారు. అదీ ఈ మాటే.

మన కాలంలో ఈ పనితనానికి పెద్ద గుర్తు 2023 సెప్టెంబర్ 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో దొరికింది. అనూష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా ఉన్న భారత జట్టు 209.205 మార్కులతో డ్రెసాజ్ స్వర్ణం గెలిచింది. ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో మనకు 1982 తరవాత అదే మొదటి స్వర్ణం. జట్టులో అందరికంటే ఎక్కువగా 71.088 తెచ్చింది ఎట్రో అనే గుర్రం మీద అనూష్. రెండు రోజుల తరవాత అదే జోడీ 73.030తో వ్యక్తిగత కాంస్యం తెచ్చింది.

కలకత్తాలో స్వారీ మొదలుపెట్టిన ఈ కుర్రాడు 2017లో, పదిహేడేళ్ల వయసులో, జర్మనీ వెళ్లి ఒలింపిక్ స్వర్ణ విజేత హుబెర్టుస్ ష్మిట్ దగ్గర చేరాడు. అంటే ఆ స్వర్ణం వెనక ఆరేళ్ల రోజువారీ పని ఉంది. 2024లో పారిస్‌లో సర్ కారమెల్లో అనే మరో గుర్రం మీద 66.444 సాధించి, ఒలింపిక్ డ్రెసాజ్ బరిలో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. తరవాతి దశకు చేరలేదు. అయినా పిడికిలి బిగించకుండా అక్కడిదాకా రావడాన్ని నేను చిన్న విషయంగా చూడను.

ఈసారి ఎక్కడైనా డ్రెసాజ్ చూస్తే మార్కుల పలక వదిలేసి గుర్రం చెవులు చూడండి. ఒక చెవి తరచూ వెనక్కి, రౌతు వైపు తిరుగుతుంటే అది అతని మాట వింటోందని అర్థం.