జాషువ కావ్యములందు క్రైస్తవ నిష్ఠ

గుఱ్ఱం జాషువ (1895–1971) కావ్యములను గూర్చి వెలువడిన విమర్శలో ఆయన క్రైస్తవ విశ్వాసమునకు తగినంత స్థానము లభింపలేదని మా అభిప్రాయము. దళిత చైతన్యమునకు వైతాళికుడని కొందరును, మతాతీతుడైన మానవతావాది యని కొందరును ఆయనను కీర్తించిరి. రెండును సత్యములే. కాని వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించి, పౌరాణిక సంప్రదాయమున పెరిగిన పద్యమును చేపట్టి, ఇటు సవర్ణులచేతను అటు స్వమతస్థులలో కొందరిచేతను ఆక్షేపింపబడిన కవి తన విశ్వాసమును ఎట్లు నిలుపుకొనెనను ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ ప్రశ్నకు మొదటి పరీక్ష "గబ్బిలము" (1941). అందలి నాయకుడు దక్షిణదేశపు నిరుపేద యగు అరుంధతీసుతుడు. ఆలయప్రవేశము గబ్బిలమునకు కలదు, అతనికి లేదు. కావున కాశీవిశ్వనాథునకు తన గోడును ఆ పక్షిచే విన్నవించుకొనును. క్రైస్తవుడు శివునకు సందేశము పంపుటయా యని శంకించువారు పాత్రకును కవికిని గల భేదమును గమనింపరు. ఆ నాయకుని మొర అతని దైవమునకే చేరవలెను. అతనిచే క్రీస్తునామమును పలికించినచో పాత్రౌచిత్యము చెడుటయే కాక, గుడి తలుపులు మూసినవారు సమాధానము చెప్పుకొనవలసిన పనియే లేకపోయెడిది.

అయినను "గబ్బిలము"నందలి కారుణ్యమునంతయు క్రైస్తవమని చాటుట యుక్తము కాదు. కారుణ్యము ఏ యొక్క మతమునకును సొత్తు గాదు. తన్ను విశ్వనరునిగా భావించుకొన్న ఈ కవి కాళిదాసుని సందేశకావ్య మార్గమును అనుసరించెను. "ఫిరదౌసి"లో పారశీక కవి గాథను గానము చేసెను. నిష్ఠను నిరూపించుటకు ఇంతకంటె స్పష్టమైన ఆధారము కావలెను. అది "క్రీస్తు చరిత్ర".

1964లో కేంద్ర సాహిత్య అకాడమి బహుమానము నందిన ఈ కావ్యమును రచించునాటికి జాషువకు కీర్తికి కొఱత లేదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వహస్తములతో ఆయన కాలికి గండపెండేరమును తొడిగియుండెను. ఆ గౌరవమును సంప్రదాయ వస్తువులతోనే కాపాడుకొనుట సులభము. జాషువ అట్లు చేయక, పండితులు మెచ్చిన పద్యముననే క్రీస్తును నాయకునిగా నిలిపెను. వడ్రంగి యింట పెరిగి, కుష్ఠరోగిని స్పృశించి, సుంకరులతో కూడి భుజించినవాడు ఆ నాయకుడు. పూర్వము 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌదరి కీర్తనలు ఈ విశ్వాసమును ఆరాధకుల కంఠములలో నిలిపినవి. జాషువ దానిని ఆరాధకులు కాని కావ్యపాఠకుల ముందును ఉంచెను. మన నిష్ఠను మనవారి నడుమ చాటుట ఒక యెత్తు. దానిని అంగీకరింపనివారి భాషలో, వారి కొలతలకు ఒప్పునట్లు చెప్పి, తీర్పును వారికే విడుచుట మరియొక యెత్తు. రెండవదే కష్టతరము.

ఇచట నొక హెచ్చరిక యవసరము. క్రీస్తును సంఘసంస్కర్తగా మాత్రమే గ్రహించి, సిలువను పునరుత్థానమును అలంకారములుగా త్రోసివేయు పఠనము కవిని ఆదరించినట్లు కనుపించును గాని, ఆయన నమ్మకమును తనకు నచ్చిన మేరకు కుదించును. విమర్శకుడు నమ్మనక్కరలేదు, నమ్మకమును యథాతథముగా గుర్తింపవలెను.

ఈ చర్చ గతమునకే సంబంధించినది కాదు. షెడ్యూల్డు కులములను నిర్ణయించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు పరిధిలో 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్పబడిరి. క్రైస్తవులకు ఆ గుర్తింపు నేటికిని లేదు. మతము మారినను కులము వలన గలుగు అవమానము తొలగదు. విశ్వాసమును బాహాటముగా చెప్పుకొన్నవానికి చట్టరక్షణ తొలగును. ఇట్టి స్థితిలో జాషువను చదువు విద్యార్థికి "గబ్బిలము"ను "క్రీస్తు చరిత్ర"ను వేరువేరు కవుల రచనలవలె బోధించుట తగదు. అవమానమును మఱవనిదియు, విశ్వాసమును దాచనిదియు ఒకే లేఖిని. ఆ రెంటిని కలిపి పరిశీలించు సమగ్ర పరిశోధన యింకను జరుగవలసియున్నది.