రెండు పేర్లు, ఒక ‘నేను’

మైలాపూరు నాగేశ్వరరావు పార్కులో సాయంత్రం పూట నడకకు వచ్చే తెలుగువాళ్ళం కొందరం ఉన్నాం. కాశీనాథుని వారి పేరున్న చోట తెలుగులో మాట్లాడుకోవడం మాకొక చిన్న తృప్తి. మొన్న ఒక సాయంత్రం మా మేనల్లుడు కూడా వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. దారిలో, “మావయ్యా, రాత్రి టీవీలో ‘కాదల్ కొండేన్’ చూశాను. చివర్లో ఆ కుర్రాడు పడిపోతుంటే ఏడుపొచ్చింది” అన్నాడు. “మరి ఆ అమ్మాయి సంగతేమిట్రా?” అని అడిగాను. “ఆమెకేం మావయ్యా, ప్రేమించినవాడు దక్కాడుగా!” అన్నాడు. ఆ జవాబు ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఆ రాత్రే సినిమా మళ్ళీ చూశాను.

‘కాదల్ కొండేన్’ 2003 జూలైలో విడుదలైంది. దర్శకుడుగా సెల్వరాఘవన్ పేరుతో వచ్చిన మొదటి సినిమా అది. ధనుష్ విద్యార్థి వినోద్‌గా, సోనియా అగర్వాల్ దివ్యగా నటించారు. వినోద్‌ను పెంచిన చర్చి ఫాదరుగా నాగేష్ కనిపిస్తాడు. సంగీతం యువన్ శంకర్ రాజాది. మరుసటి ఏడాది, 2004లో, ఇదే కథను ఇ. సత్తిబాబు ‘నేను’ అనే పేరుతో తెలుగులో తీశారు. అందులో అల్లరి నరేష్, వేద నటించారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనలాంటివాళ్ళకు రెండూ అందుబాటులో ఉన్న సినిమాలే.

కథ తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకుందాం. వినోద్ అనాథ. చదువులో అసాధారణమైన బుర్ర. మనుషులతో మెలగడం మాత్రం రాదు. మహానగరంలోని కాలేజీలో అతన్ని ఎవరూ దగ్గరకు రానివ్వరు. దివ్య ఒక్కతే పలకరిస్తుంది, స్నేహం చేస్తుంది. అతను ఆ స్నేహాన్ని ప్రేమ అనుకుంటాడు. దివ్య ప్రేమించింది ఆది అనే మరో విద్యార్థిని. సంగతి తెలిసి తండ్రి ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తాడు. పాత బట్టలు అడిగే నెపంతో వినోద్ ఆ ఇంట్లోకి వస్తాడు. ఆది దగ్గరకు తీసుకువెళ్తానని చెప్పి ఆమెను ఊరు దాటిస్తాడు. కంటికి కనిపించకుండా పోయిన ప్రియుణ్ణి వెతుక్కుంటూ ఆమె బయలుదేరుతుంది. తనను తీసుకుపోతున్నవాడే దారిని మూసేస్తున్నాడని ఆమెకు తెలియదు.

ఈ సినిమాలో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. తరగతిలో నిద్రపోతున్నవాణ్ణి అధ్యాపకుడు లేపి బోర్డు మీది లెక్క చేయమంటాడు. అతను వెళ్ళి చకచకా చేసేసి, తిరిగి వచ్చి నిద్రపోతాడు. ఈ ఒక్క దృశ్యంలో అతని తెలివి, ఒంటరితనం, నిర్లక్ష్యం మూడూ తెలిసిపోతాయి. బెంచీ మీద పక్కన ఎవరూ కూర్చోని కుర్రాడి బాధ మనలో చాలామందికి కొత్త కాదు. ఇంటి మాట ఒకటి, బడి మాట ఒకటి అయిన పిల్లలు ఆ బెంచీ మీద కూర్చునే ఉంటారు. అలాంటివాణ్ణి మొదటిసారి నవ్వుతూ పలకరించినవాళ్ళు జీవితాంతం గుర్తుండిపోతారు. అందుకే సినిమా మొదటి సగంలో నేను పూర్తిగా వినోద్ పక్షం.

చిక్కు రెండో సగంలో వస్తుంది. వినోద్ ఆమెను దాచింది ఆంధ్రలో, శ్రీశైలం ప్రాంతంలో. తమిళ ప్రేక్షకుడికి అది సరిహద్దు అవతలి చోటు, తప్పిపోవడానికి అనువైన అడవి. మనకు మల్లన్న కొండ, నల్లమల, శివరాత్రి జనం. అటు చూస్తే తమిళులకూ అది నిజంగా పరాయి కొండ కాదు. తేవారంలో ‘తిరుప్పరుప్పదం’ పేరుతో పాడిన క్షేత్రం అదే. సినిమాకు ఇవేవీ అక్కర్లేదు. దానికి కావలసింది ఆ అమ్మాయి మాట ఎవరికీ వినపడని దూరం. తెలుగు రాని ఆమెకు చుట్టూ ఉన్న మాట కూడా ఒక గోడే. భాష రాని చోట నిస్సహాయత ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఆ నిస్సహాయతను సినిమా ఒక్క నిమిషమైనా ఆమె వైపు నుంచి చూపించదు.

అక్కడే వినోద్ తన గతం చెబుతాడు. చిన్నతనంలో వెట్టిచాకిరీ, దెబ్బలు, కళ్ళముందే బలైపోయిన తోటి అనాథ బాలిక. ఆ భాగం కదిలిస్తుంది. దాన్ని కాదనను. అయితే దాన్ని ఎక్కడ పెట్టారో గమనించాలి. మోసం జరిగాక, మోసం ఆమెకు తెలియకముందు. ఆమెకు కోపం రావలసిన సమయానికి దర్శకుడు ఆమె చేతిలో జాలి పెట్టాడు. పోలీసులూ ఆదీ వచ్చి ‘వీడు ప్రమాదకరమైనవాడు’ అంటే, ఇన్నాళ్ళు మర్యాదగా ఉన్నాడని ఆమే వాదిస్తుంది. చేయి వేయలేదు కనుక మంచివాడే అన్నమాట! అబద్ధం చెప్పి ఒక మనిషిని కొండల్లో దాచడం అపచారం కాదా అన్న ప్రశ్న సినిమాకు తోచదు.

ఈ వరస కొత్తది కాదు. భారతీరాజా ‘సిగప్పు రోజాక్కళ్’ (1978) మనకు ‘ఎర్ర గులాబీలు’గా వచ్చింది. అందులోనూ హంతకుడికి ఒక దెబ్బతిన్న బాల్యం ఉంది. కానీ అక్కడ భయం భయంగానే మిగిలింది. అతన్ని ప్రేమించమని ఎవరూ మనల్ని అడగలేదు. 1991లో వచ్చిన ‘గుణ’లో కథ మారింది. మతి చెదిరినవాడు యువతిని ఎత్తుకుపోయి కొడైకెనాల్ గుహలో దాస్తాడు. ఆమె మెల్లగా అతన్నే ప్రేమిస్తుంది. ‘కాదల్ కొండేన్’ దీనికంటే ఒక మెట్టు నిజాయితీ గలది. దివ్య చివరి దాకా ‘నువ్వు నాకు స్నేహితుడివి మాత్రమే’ అనే అంటుంది. ఆ మాట అననిచ్చినందుకు దర్శకుడికి నమస్కారం. కానీ అన్న తర్వాత కూడా ప్రేక్షకుడి కన్నీళ్ళు ఎవరివైపు పారాలో ముందే కాలువ తవ్వి ఉంచాడు.

రెండు భాషలు తెలిసినవాళ్ళకు ఇక్కడ ఒక సంగతి స్ఫురిస్తుంది. తమిళ ‘కొళ్’, మన ‘కొను’ అక్కాచెల్లెళ్ళు. ‘కొండేన్’ అంటే ‘కొన్నాను’, చేపట్టాను, పొందాను అని. తమిళుడు ఆ పేరు విన్నప్పుడు ప్రేమలో పడ్డాను అనే వింటాడు. మనకు ‘కొనడం’ అంటే బజారు కూడా గుర్తొస్తుంది, వెల చెల్లించి తీసుకోవడం. సినిమా తర్కం నాకు తమిళంలో కంటే ఈ తెలుగు అర్థంలోనే ఎక్కువ కనిపించింది. ఇంత బాధ పడ్డాను, అందుకు బదులుగా నువ్వు నాకు రావాలి. తెలుగులో ఆ పేరు ‘నేను’ అయింది. ప్రేమ కూడా పోయి ఉత్త ‘నేను’ మిగిలింది. రెండు పేర్లలోనూ ‘నువ్వు’ లేదు. బాధ నిజమే కావచ్చు. అది ఎదుటి మనిషిని కొనగలిగే నాణెం కాదు.

చివరి దృశ్యం గొప్పది. కొండ అంచున దివ్య ఒక చేతిని ఆది, ఇంకో చేతిని వినోద్ పట్టుకుని వేలాడుతుంటారు. వినోద్‌ను వదిలెయ్యమని ఆది అరుస్తాడు. ఆమె వదలదు. అప్పుడు వినోదే నవ్వి చేయి వదిలేస్తాడు. సినిమా మొత్తంలో అతను ఆమె కోసం చేసిన మంచి పని ఇదొక్కటే, పట్టు సడలించడం. మా మేనల్లుడు ఏడ్చింది ఇక్కడే. నేను 2003లో చూసినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. ఈసారి నా చూపు ఆమె మిగిలిన చేతి మీద నిలిచింది. ఆ చేయి పట్టుకుని ఆమె పైకి వచ్చాక ఏమైంది? ఏ ఇంటికి వెళ్ళింది? తాళం వేసిన తండ్రితో ఏం మాట్లాడింది? ఆ లెక్క బోర్డు మీద అలాగే మిగిలిపోయింది. ‘దక్కాడుగా’ అనే మాటతో తీరేది కాదు.

‘నేను’ వచ్చిన 2004లోనే విజయవాడలో ఒక విద్యార్థినిని, ప్రేమిస్తున్నానంటూ వెంటపడినవాడు తరగతి గదిలోనే చంపాడు. 2016లో మన నగరంలోనే నుంగంబాక్కం రైల్వే స్టేషన్లో ఒక యువతిని పట్టపగలు నరికేశారు. ఈ నేరాలకు ఏ సినిమా కారణమనీ నేననను. సినిమా చూసినవాళ్ళందరూ కత్తి పట్టరు. కానీ కాదన్న అమ్మాయి కంటే కాదనిపించుకున్న అబ్బాయి బాధే పెద్దదని లోపల్లోపల నమ్మే అలవాటు మనకు ఎక్కడినుంచో వచ్చింది. వినోద్ వంటి పాత్రను ఎంత బాగా తీస్తే ఆ అలవాటు అంత బలపడుతుంది. ధనుష్ అంత బాగా నటించకపోతే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు.

పార్కు నుంచి కాస్త దూరం నడిస్తే కపాలీశ్వరుడి గుడి. అక్కడ పూంబావై సన్నిధి ఉంది. పాము కరిచి చనిపోయిన ఆ పిల్లను జ్ఞానసంబంధర్ పాటతో అస్థికల నుంచి బ్రతికించాడని స్థలపురాణం. తండ్రి సంతోషంతో ఆమెను ఆయనకే ఇస్తానన్నాడు. ప్రాణం పోసినవాణ్ణి కనుక తండ్రిలాంటివాణ్ణి అని ఆయన కాదన్నాడు. ప్రాణం ఇచ్చినవాడే బదులు అడగలేదు. అయితే ఆ కథలోనూ పూంబావైని ఏం కావాలని అడిగినట్టు నేను వినలేదు. ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకున్నారు, ఆమె నిలబడి ఉంది.

మర్నాడు మేనల్లుడికి ఫోను చేసి, “ఒకసారి దివ్య పక్కన కూర్చుని సినిమా చూడరా” అన్నాను. వారం తర్వాత జవాబిచ్చాడు: “చూశాను మావయ్యా. ఈసారి భయమేసింది.” ఏడుపొచ్చిందన్న కుర్రాడు భయమేసిందన్నాడు. మంచి సినిమాను రెండోసారి చూడమనేది అందుకే.