ఆగే పని, ఆగని పని: తెలుగు సాహిత్యంలో చిరువ్యాపారం – శిశుపోషణ

ప్రవేశిక

తెలుగు సాహిత్యంలో తల్లి ఉంది. సరుకు అమ్ముకుని బతికే స్త్రీ కూడా ఉంది. ఈ ఇద్దరూ ఒకే మనిషిగా కనిపించే చోట్లు మాత్రం అరుదు. పురాణ కావ్యాల్లో, జోలపాటల్లో తల్లి వాత్సల్యానికి ఆశ్రయంగా నిలుస్తుంది. కలాపాల్లో, నాటకాల్లో చల్లనమ్మే గొల్లభామ వాదానికి, అన్నం అమ్మే పూటకూళ్ళమ్మ హాస్యానికి ఉపకరిస్తారు. తల్లి చేతిలో సరుకు కనపడదు. సరుకు అమ్మే స్త్రీ చంకలో బిడ్డ కనపడడు. సంతల్లో, వీధుల్లో, ఇంటి అరుగుల మీద శతాబ్దాలుగా కలిసే ఉన్న ఈ రెండు పనులు సాహిత్యంలో ఎందుకు విడిపోయాయి? నిజంగా విడిపోయాయా, లేక చదివే తీరు వాటిని విడదీసిందా? పోతన భాగవతంలోని ఉలూఖల బంధన ఘట్టం, గొల్లకలాపం, కన్యాశుల్కం, ఒక సామెత ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

పరిశీలనకు ఒక కొలమానం

స్త్రీల శ్రమకు, శిశుపోషణకు ఉన్న సంబంధాన్ని గురించి అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు జూడిత్ బ్రౌన్ 1970లో ఒక చిన్న వ్యాసం రాశారు. బిడ్డల్ని చూసుకుంటూ చేయడానికి అనువైన పనులే సమాజాల్లో ప్రధానంగా స్త్రీలకు దక్కుతాయని ఆమె ప్రతిపాదన. అటువంటి పనికి ఆమె చెప్పిన లక్షణాలు స్థూలంగా ఇవి: మధ్యలో ఆపి మళ్ళీ సులభంగా అందుకోగలిగి ఉండాలి, బిడ్డకు ప్రమాదం కలిగించరాదు, ఇంటికి దగ్గరలో జరగాలి, నిరంతర ఏకాగ్రతను కోరరాదు. ఈ ప్రతిపాదనను తెలుగు పాఠాలకు యథాతథంగా అన్వయించడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయితే అందులోని ‘ఆపదగిన పని’ అన్న భావన సాహిత్య విమర్శకు ఉపయోగపడే కొలమానం. ఒక పాఠంలో స్త్రీ చేస్తున్న పని ఆగేదా, ఆగనిదా? ఆగని పని మధ్యలో బిడ్డ ఏడిస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నలు వేసినప్పుడు సుపరిచితమైన ఘట్టాలు కూడా కొత్తగా కనిపిస్తాయి.

పాలు పొంగిన వేళ

దశమ స్కంధంలోని ఉలూఖల బంధన ఘట్టం ఇందుకు తొలి ఉదాహరణ. యశోద పెరుగు చిలుకుతూ ఉంటుంది. పాలకోసం వచ్చిన కృష్ణుడు కవ్వాన్ని పట్టుకుని పని ఆపుతాడు. ఆమె చిలకడం మాని బిడ్డను ఒడిలోకి తీసుకుని పాలిస్తుంది. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతాయి. బిడ్డను దించి ఆమె పొయ్యి దగ్గరకు పరుగెత్తుతుంది. కడుపు నిండని బిడ్డ కోపంతో కుండ పగలగొట్టి వెన్న తిని వెళ్ళిపోతాడు. ఆ తర్వాత తల్లి వెంటపడడం, పట్టుకుని రోటికి కట్టబోవడం, తాడు చాలకపోవడం, మద్దిచెట్లు కూలడం ప్రసిద్ధాలు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా వాత్సల్య భక్తికి, భగవంతుని భక్త పరాధీనతకు నిదర్శనంగా చదువుతారు. ఆ పఠనం సమంజసమే. కాని కథనంలోని క్రియల వరుసను గమనిస్తే అది పనికీ బిడ్డకూ మధ్య జరిగిన మూడు అంకాల ఘర్షణగా కూడా కనిపిస్తుంది. చిలకడం ఆపదగిన పని; అందువల్ల మొదటి అంకంలో బిడ్డ గెలిచాడు. పొంగే పాలు ఆగవు. అందువల్ల రెండవ అంకంలో పని గెలిచింది. మూడవ అంకంలో నష్టపోయింది సరుకు: పగిలిన కుండ, పోయిన వెన్న. బ్రౌన్ చెప్పిన అనుకూల లక్షణాల్లో ఇంటికి దగ్గరలో ఉండడం ఒక్కటే ఇక్కడ పూర్తిగా నిలుస్తుంది. నిప్పు ఉంది, ప్రమాదం ఉంది, ఏకాగ్రత అవసరం ఉంది. స్త్రీలు అనుకూలమైన పనులే చేస్తారన్న ప్రతిపాదనను ఈ ఘట్టం సవరిస్తుంది. అనుకూలం కాని పనిని కూడా బిడ్డను ఒడిలో పెట్టుకునే చేయవలసి రావడం దీనిలోని వాస్తవం.

నందుని ఇల్లు మందకు పెద్ద అయిన వాని ఇల్లు కదా, దానిని చిరువ్యాపారంతో ఎలా పోల్చగలమన్న ఆక్షేపణ ఇక్కడ సహజం. సంస్కృత భాగవతం ఈ ఘట్టాన్ని మొదలుపెట్టిన తీరులోనే దానికి సమాధానం ఉంది. ఆ రోజు ఇంటి దాసీలు వేరే పనుల్లో ఉన్నందువల్ల యశోద తానే పెరుగు చిలికిందని మూలం చెబుతుంది. పనివాళ్ళు అందుబాటులో లేని రోజున యజమానురాలే పనిమనిషి అవుతుంది. ఆమె ఆర్థిక స్థాయి వేరైనా ఆ పూట ఆమె శ్రమ స్వరూపం చిన్న కుటుంబ వృత్తులదే. ఇల్లే పనిచోటు, తల్లే పనిమనిషి, బిడ్డ ఆ పనిచోటులోనే తిరుగుతాడు.

గోపికల ఫిర్యాదులను కూడా ఇదే దృష్టితో చదవవచ్చు. కాగిన పాలు పిల్లలకు పోసి మిగిలిన కడవలు పగలగొట్టాడని ఒకరంటారు. బిడ్డలకు పాలు లేవని బాలింతలు మొరపెడుతుంటే ఆవులకు దూడలను విడిచిపెట్టాడని మరొకరంటారు. అల్లరిగా, లీలగా మనం ఆనందించే ఈ పద్యాలన్నీ విషయరీత్యా నష్టపు పద్దులు. ముఖ్యంగా రెండవ ఫిర్యాదు గమనించదగినది. అక్కడ పాలు అమ్మే సరుకు మాత్రమే కాదు, బాలింతల బిడ్డల ఆహారం కూడా. దూడకు ఎంత, బిడ్డకు ఎంత, కుండకు ఎంత అన్న లెక్క పాడి మీద బతికే ప్రతి ఇంట్లోనూ రోజూ వేయవలసినదే. పోతన ఆ లెక్కను హాస్యంలో ఇమిడ్చాడు, తుడిచివేయలేదు.

బిడ్డను దించి పాల కోసం పరుగెత్తిన తల్లిని పాఠం నిందించదు. వ్యాఖ్యాన సంప్రదాయానికి మాత్రం అక్కడ కొంత ఇబ్బంది ఎదురైంది. ఆ పాలు కూడా కృష్ణుని కోసమే కనుక ఆమె వెళ్ళడం ప్రేమలో భాగమేనని సమర్థించిన వైష్ణవ వ్యాఖ్యాతలు ఉన్నారు. ఆ సమర్థన భక్తి దృష్టిలో సుందరమైనదే. అయినా తల్లి పనికోసం బిడ్డను క్షణకాలం దించడానికి సమర్థన అవసరమైందన్నదే ఆలోచించవలసిన విషయం. పని స్వయంగా ఒక కారణంగా చాలలేదు. అది బిడ్డ కోసమేనని నిరూపించవలసి వచ్చింది. వ్యాపారం చేసుకునే తల్లి నేటికీ ఈ నిరూపణ భారాన్ని మోస్తూనే ఉంది.

ఇక బిడ్డను కట్టిన తాడు, కట్టిన రోలు ఇంటి పనిముట్లే. దేవునికి దామోదరుడన్న పేరు ఆ తాటి వల్లనే వచ్చింది. పని ముగిసేదాకా పసివాడు కదలకుండా ఉండేందుకు చేతికందిన సాధనంతో కట్టివేయడం శ్రామిక తల్లులకు తెలిసిన ఉపాయం. ఆ ఉపాయం ఎంత ప్రమాదకరమో కూడా కథ చెబుతుంది: చెట్లు కూలాయి. దాని పర్యవసానం మరింత విలువైనది. పెద్దలు సమావేశమైనప్పుడు ఉపనందుడు మంద మొత్తం బృందావనానికి తరలాలని సూచిస్తాడు. అతడు చెప్పిన కారణాలు రెండు: బిడ్డలకు వరుసగా వస్తున్న ఆపదలు, కొత్తచోట పశువులకు దొరికే మేత. బిడ్డల క్షేమం, వృత్తి లాభం ఒకే తీర్మానంలో కలిసిన చోటు ఇది. అంతవరకు యశోద ఒక్కతే మోసిన సమస్యను ఊరు తన సమస్యగా స్వీకరించింది.

చల్లకుండ – పిండోత్పత్తి

భాగవతుల రామయ్య రచనగా ప్రసిద్ధమైన గొల్లకలాపంలో గొల్లభామ చల్లకుండతో రంగం మీదికి వస్తుంది. బ్రాహ్మణునితో ఆమె వాదం చల్ల దగ్గర మొదలై కులం, యజ్ఞం, జ్ఞానం వరకు సాగుతుంది. ఆ వాదంలో పిండోత్పత్తి క్రమం ఒక ప్రధాన భాగం. గర్భంలో శిశువు ఎలా రూపొందుతుందో గొల్లభామ శాస్త్ర పరిభాషలో వివరిస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రమైన విభజన కనిపిస్తుంది. శిశువు ఈ కలాపంలో ఉన్నాడు, కాని జ్ఞేయ విషయంగా మాత్రమే. పిండం ఏర్పడే తీరు చెప్పగల స్త్రీకి ఇంటి దగ్గర బిడ్డ ఉన్నాడా, చల్ల అమ్ముడుపోయేదాకా వాణ్ణి ఎవరు చూస్తున్నారు అన్న ప్రశ్నకు కలాపంలో చోటు లేదు. దీనికి ప్రక్రియాపరమైన కారణం ఉంది. కలాపం వాద ప్రధానమైనది, వాదానికి పాత్ర స్వేచ్ఛగా నిలబడాలి. తలమీది కుండ ఆమె వృత్తిని, కులాన్ని సూచించే సంకేతం. ఆ సంకేతానికి బిడ్డ అవసరం లేదు. అయితే పోతన ఘట్టంతో పోల్చినప్పుడు జరిగిన మార్పు స్పష్టం. ఉత్పత్తి ఇంట్లో జరిగినంత వరకు సాహిత్యం బిడ్డను చూపింది. సరుకు వీధిలోకి రాగానే బిడ్డ చూపు నుంచి తప్పుకున్నాడు. అమ్మకం అనే క్రియ స్త్రీని తల్లి పాత్ర నుంచి విడదీసి చూపింది.

ఇరవై రూపాయల మదుపు

క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూటి ఇంటి భోజనం ఒక్క రూకకు దొరుకుతుంది. అక్కడ వంటకాల వర్ణన ఉంది, వండిన శ్రమ లేదు. అది తినేవారి దృష్టి. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ మనిషిగా కనిపిస్తుంది. ప్రథమాంకంలోనే గిరీశం ఆమెనుంచి సంతలో సరుకులు కొనితెస్తానని తీసుకున్న ఇరవై రూపాయలను వేశ్య కోసం ఖర్చు చేసిన సంగతి తెలుస్తుంది. ఆమె చీపురుకట్టతో మధురవాణి ఇంటికి రావడం, గిరీశం మంచం కిందికి దూరడం, అక్కడ అప్పటికే రామప్పంతులు ఉండడం నాటకంలో గొప్ప ప్రహసన ఘట్టం.

ఆ నవ్వు వెనుక ఉన్న ఆర్థిక వాస్తవం ఆ ఇరవై రూపాయల స్వభావంలో ఉంది. అది దాచుకున్న సొమ్ము కాదు, సంతకు పంపిన మదుపు. పూటకూటి ఇంటికి సంత సరుకే ముడిసరుకు. ఆ డబ్బు పోతే పోయేది లాభం కాదు, రాబోయే రోజుల వంట. చీపురుకట్టతో వచ్చిన స్త్రీని అసూయపడిన ప్రియురాలిగా చూసి నవ్వే ప్రేక్షకుడు మదుపు పోగొట్టుకున్న వ్యాపారిని చూడడు. గురజాడ రెండింటికీ అవకాశమిచ్చాడు. సంత సరుకుల ప్రస్తావనతోనే గిరీశం మోసాన్ని పరిచయం చేయడం అందుకు నిదర్శనం.

ఆమెకు పిల్లలున్న ప్రస్తావన నాటకంలో లేదు. వితంతువు కావడం వల్లనే ఆమె ఈ వృత్తిలోకి వచ్చిందని ఊహించడానికి సామాజిక ఆధారముంది. ఆ ఇంట్లో పోషణ పొందే స్థానం మాత్రం ఖాళీగా లేదు. సంపాదన లేకుండా తిని, అడిగిన డబ్బు పొంది, కుండ పగలగొట్టిన పిల్లవానిలా తప్పించుకుపోయేవాడు గిరీశం. ఈ పోలికను మరీ దూరం లాగరాదు. వారి సంబంధం వేరు, నాటకకర్త ఉద్దేశం వేరు. అయినా ఒక సామ్యం నిలుస్తుంది. యశోద వెన్న పోయినప్పుడు పాఠకుడు మురిసిపోతాడు, పూటకూళ్ళమ్మ డబ్బు పోయినప్పుడు ప్రేక్షకుడు నవ్వుతాడు. రెండుచోట్లా నష్టపోయిన స్త్రీ లెక్క ఎవరికీ పట్టదు.

ఏకులబుట్టంత తల్లి

‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ అన్న సామెతను సాధారణంగా తల్లి ప్రేమ గొప్పతనానికి ఉదాహరిస్తారు. ఏనుగుకు ఎదురుగా చిన్న వస్తువు ఏదైనా పెట్టవచ్చు. చీమ ఉంది, ఆవగింజ ఉంది. సామెత ఏకులబుట్టను ఎంచుకుంది. ఏకులంటే వడకడానికి సిద్ధం చేసిన దూదిచుట్టలు. బుట్ట అంటే ఆ పనిని ఇంటి మూలనుంచి అరుగుమీదికి, అరుగునుంచి బిడ్డ ఉయ్యాల దగ్గరికి మార్చుకోగల సదుపాయం. వడకడం ఆపదగిన పని: బిడ్డ ఏడిస్తే దారం వదిలి లేవవచ్చు, నిద్రపుచ్చి మళ్ళీ అందుకోవచ్చు. బ్రౌన్ ప్రతిపాదనకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

ఈ సామెతలో తల్లిని కొలిచింది ఆమె శరీరంతో కాదు, ఆమె పనిముట్టుతో. తండ్రికి కొలత ఏనుగు, అంటే పరిమాణం, హోదా. తల్లికి కొలత ఆదాయ సాధనం. బుట్ట చిన్నదే, దాని రాబడి చిన్నదే, కాని బిడ్డకు అందేది అదే. సామెత చెప్పే గొంతు కూడా గమనార్హం. తల్లీ తండ్రుల్లో ఎవరు నయమని తేల్చగలిగేది బిడ్డే కనుక ఇది బిడ్డ దృష్టినుంచి వెలువడిన తీర్పు. పనినీ ప్రేమనూ వేరు చేయకుండా చూసిన దృష్టి అది. గోగు శ్యామల ఈ సామెతను తన కథల సంపుటికి పేరుగా పెట్టడంతో శ్రమజీవి అయిన తల్లిని శ్రమతో సహా చూడవలసిన అవసరం ఆధునిక కథలో మళ్ళీ గుర్తుకు వచ్చింది.

ముగింపు

పరిశీలించిన నాలుగు ఆధారాల్లో ఒక క్రమం తెలుస్తుంది. ఇంటి ఉత్పత్తిలో బిడ్డ పనిచోటు మధ్యలో ఉన్నాడు. వీధి అమ్మకంలో అతడు శాస్త్ర విషయంగా మారాడు. పూటకూటి వ్యాపారంలో కనపడకుండా పోయాడు. సామెతలో తానే తీర్పరి అయ్యాడు. లిఖిత సాహిత్యం స్త్రీని బజారుకు దగ్గర చేసిన కొద్దీ బిడ్డకు దూరం చేయగా, మౌఖిక సంప్రదాయం ఆ రెండింటినీ ఒక బుట్టలో ఉంచింది. నాలుగు ఆధారాలతో సాధించిన ఈ క్రమం సంపూర్ణ చరిత్ర కాదు. విస్తృత పరిశీలనకు ఒక ప్రతిపాదన.

ఈ విడదీత సాహిత్యానికే పరిమితం కాలేదు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం ఆంగ్ల నామంలో స్త్రీలూ ఉన్నారు, పిల్లలూ ఉన్నారు. తెలుగునాట ఆ పేరు పొదుపు సంఘానికి, రుణానికి, చిన్న వ్యాపారానికి పర్యాయపదంగా స్థిరపడింది. పేరులోని పిల్లలు వాడుకలో జారిపోయారు. అప్పు కిస్తీ ఆగని పని. బిడ్డ ఆకలి కూడా ఆగని పనే. ఆ రెండింటి మధ్య నిలిచిన స్త్రీని చదవడానికి వాత్సల్యం ఒక్కటే చాలదు, వ్యాపార లెక్క ఒక్కటే చాలదు. పొంగే పాలను, ఒడిలోని బిడ్డను ఒకే పద్యసందర్భంలో నిలిపిన పోతన పాఠం అందుకు కావలసిన పఠన పద్ధతిని ముందే సూచించింది. ఊరు మొత్తం బిడ్డల కోసమూ మేత కోసమూ ఒకేసారి కదిలిన ఆ కథలో, ఈ భారం ఒక్క తల్లిది మాత్రమే కాదన్న ఆలోచన కూడా ఉంది. విమర్శ అందుకోవలసింది ఆ రెండవ సూచననే.