దీర్ఘాసి రాతి మీద వనపతి

భావనపాడు నుంచి తీరం వెంట దక్షిణానికి, వంశధార సముద్రంలో కలిసే వైపు వెళ్తే కళింగపట్నం రాకముందే దీర్ఘాసి ఉంది. శక సంవత్సరం 997లో, అంటే 1075 ప్రాంతంలో, ఆ ఊరి భగవతి గుడి ముందు ఒక మండపం లేచింది. కట్టించినవాడు రాజు కాదు. కళింగ గంగరాజు రాజరాజ దేవేంద్రవర్మ కొలువులోని బ్రాహ్మణ వీరుడు, ఆత్రేయ గోత్రీకుడు వనపతి. అతని గురించి మనకు తెలిసినదంతా దాదాపు అక్కడి శాసనం చెప్పిందే. కాబట్టి నగ నాణ్యం చూసే కంసాలిలా దాన్ని దగ్గరగా పట్టుకుని చూడాలి.

ముందు విజయాల వరుస. చోళులు, ఉత్కళం, వేంగి, కిమిడి, కోసల, గిద్రిసింగి, ఓడ్రదేశం. దిక్కులన్నీ గెలిచాడని ఒక్క మాటతో సరిపెట్టవచ్చు. ప్రశస్తులు రాసేవాళ్లకు అలవాటైన దారి అది. ఇక్కడ ఏ దేశానికి ఆ దేశం పేరు పెట్టి చెప్పారు. గంగుల రాజధాని కళింగనగరాన్ని, అంటే ముఖలింగాన్ని, నడుమ పెట్టుకుని ఆ పేర్లను పటం మీద గుర్తించండి. దక్షిణాన వేంగి, దాని వెనుక చోళులు. ఉత్తరాన ఉత్కళం. పడమటి కొండలు దాటితే కోసల. ఆ రాజ్యానికి ఎటునుంచి ఒత్తిడి వచ్చేదో ఆ కొద్ది పేర్లలోనే తెలిసిపోతుంది. మహా చోళుల పక్కన చిన్నపాటి కిమిడికి కూడా చోటు దక్కడం చూస్తే నాకు ఈ జాబితా మీద నమ్మకం పెరుగుతుంది. గొప్పలకు పోయేవాడు చిన్న పేర్లు తలచుకోడు.

రాజరాజు ఏలింది ఎనిమిదేళ్లే, 1070 నుంచి 1078 దాకా. ద్రవిడ సేనల మీద అతని గెలుపూ, వేంగి విజయాదిత్యుడికి ఆశ్రయమిచ్చిన సంగతీ కొడుకు అనంతవర్మ చోడగంగు తామ్రశాసనాల్లో ఉన్నాయి. అక్కడ ఘనతంతా ప్రభువుదే. ఆ యుద్ధాల్లో కత్తి పట్టిన చేతుల్లో ఒకటి ఎవరిదో దీర్ఘాసి రాయి చెబుతుంది.

రెండో నేర్పు భాషలో ఉంది. శాసనం సంస్కృతంలోనూ తెలుగులోనూ నడిచింది. కొలువుకీ పండితులకీ సంస్కృతం. అమ్మవారికి మొక్కుకోవడానికి వచ్చే ఊరివాళ్లకు తెలుగు. నేనైతే అలాగే చదువుకుంటాను. ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో ఎరిగినవాడే కొలువులో నిలుస్తాడు.

ఇన్ని గెలుపుల తర్వాత వనపతి ఇచ్చింది ఒక మండపం, ఒక అఖండదీపం. దీపమంటే చిన్న దానమనుకోకండి. ఏనాడూ ఆరకూడదు, ఏనాడూ నెయ్యి నిండుకోకూడదు. ద్రాక్షారామ శాసనాల్లో ఒక దీపానికి యాభై గొర్రెలు ఇవ్వడం కనిపిస్తుంది. మంద పెరుగుతూ ఉంటుంది, దీపం వెలుగుతూ ఉంటుంది. దాత పోయాక కూడా ఆగకుండా నడిచే ఏర్పాటు అది.

అదే తరంలో జపాన్ కొలువును నడిపిన ఫుజివారా నో యోరిమిచి 1053లో ఉజి ఊళ్లో అమిదా బుద్ధుడికి ఒక మందిరం కట్టించాడు. లోపలి విగ్రహం జోచో అనే శిల్పి కొయ్య ముక్కలు జోడించి మలిచినది. ఆ మందిరం నేటికీ నిలిచి ఉంది, లోకమంతా దాన్ని ఎరుగును. వనపతి పేరు దీర్ఘాసి ఉన్న మన జిల్లాలోనే ఎందరికి తెలుసు? ఆ మాట తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

అయినా అతనికి తగిన పాఠకుడు ఒకరు దొరికారు. ముఖలింగం రాళ్ల మీది పాత అక్షరాలు చదవడం సొంతంగా నేర్చుకున్న ఒక బడిపంతులు ఈ శాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా నాలుగో సంపుటంలో ప్రచురించారు. అది 1896-97 నాటి సంపుటం. ఆయన గిడుగు వేంకట రామమూర్తి. వాడుక భాష కోసం ఉద్యమించడానికి ఇంకా చాలా ఏళ్లుంది. అప్పటికి ఆయన పాఠాలు చెబుతున్నది పర్లాకిమిడిలో, వనపతి గెలిచానన్న కిమిడి పేరు ఇంకా బతికి ఉన్న ఊళ్లో.